పొడుగు కడ్డీ

పైడమ్మకు ఏడుపొక్కటే తక్కువ. తెల్లారినప్పటి నుంచి ఒక్కతే కూర్చుని బిగించిన యాంటెనా గడ మీద దర్జాగా నిలబడింది గాని, సముద్రం మీదున్న పడవల్లో ఒక్కటీ పలకలేదు.

సాయంత్రం అయిదులోగా ఆమె మాట పడవలకు చేరితే ఈ తుఫాను కాలమంతా వైర్‌లెస్ గది ఆమెదే. చేరకపోతే పట్నం నుంచి ఇంకెవరినో తెస్తామని మత్స్యకారుల సంఘంవాళ్లు చెప్పేశారు. ఇప్పుడు నాలుగున్నర.

ఆమెకు పని నేర్పిన దస్తగిరి సాయిబు పాతికేళ్లు ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసిన మనిషి. పొద్దున ఆయన యాంటెనా బొమ్మ గీసిన కాగితం ఇవ్వబోతే, "అక్కర్లేదండి, నాకన్నీ తెలుసు" అనేసింది మహాతల్లి. ఇక ఆయన దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

అయినా వెళ్లింది. "సెట్టే పాడైనట్టుంది సాయిబుగారూ. పడవలు పలకట్లేదు. వెనక కొండల్లోంచి ఎవరో కాఫీ తోటాయన మాత్రం గంట నుంచీ వదలట్లేదు. పక్కన కూకుని మాటాడినట్టు ఇనబడతన్నానంట!"

"మంచివాడే పాపం," అంటూ సాయిబు బయటికొచ్చి తలెత్తి చూశాడు. అడ్డగొట్టం మీద ఆరు కడ్డీలు. కొలతలు, బిగింపులు అన్నీ కుదురుగా ఉన్నాయి. అన్నిటికన్నా పొడుగు కడ్డీ సముద్రం వైపుంది. పొట్టివి వరసగా కొండల వైపున్నాయి.

"పొడుగుది అటెందుకు పెట్టావమ్మా?"

"పెద్దది కదండీ. పెద్దోళ్లు ముందుండాల గదా."

సాయిబు కడ్డీల జోలికే పోలేదు. గడ మొదట్లో బిగింపు వదులు చేసి, గడను సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించాడు. పొట్టి కడ్డీలు సముద్రం వైపు తిరిగాయి. పొడుగుది వెనక్కి చేరింది.

"అంతేనా?" అంది పైడమ్మ.

"అంతే. పొడుగుది వెనకుండి మాటను ముందుకు తోస్తుందమ్మా, పొట్టివి చూసే వైపుకే అది పోతుంది. పద, పిలువు."

గదిలో మైకు ముందు సాయిబు పాత కుర్చీ, దాని వెనక పైడమ్మ స్టూలు. అలవాటు కొద్దీ ఆమె స్టూలు వైపే నడిచింది. ఆయన కుర్చీ లాగి పట్టుకున్నాడు. బెరుగ్గా కూర్చుని, మైకు అందుకుని పిలిచింది.

"ఇనబడతందప్పా!" తమ్ముడు ఎల్లాజీ గొంతు గదంతా నిండింది. "శానా బాగా ఇనబడతంది! మిగతా పడవలోళ్లూ ఇంటన్నారు!"

పైడమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గురువుకు చెప్పాలని వెనక్కి తిరిగింది. ఆయన ఆమె స్టూలు మీద, గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని హాయిగా కూర్చుని ఉన్నాడు.

ఆమె గబుక్కున లేవబోయింది. "అయ్యో, మీరక్కడేటి? ఇలా ముందుకి రండి."

"నువ్వు అటు చూడమ్మా," అన్నాడు సాయిబు. "పడవలు అటున్నాయి."