జ్వరం మందు, చిరివేరు ఎరుపు

కేశవభట్టు గారు న్యాయశాస్త్రం బోధించినన్నాళ్ళూ ఏ ప్రశ్నకూ వెంటనే అవుననీ కాదనీ చెప్పి ఎరగరు. ఉద్యోగ విరమణ చేసి భీమిలిలో స్థిరపడ్డాక ఆ అలవాటు మరీ ముదిరింది. పాత విద్యార్థులెవరైనా చిక్కు సమస్య పట్టుకుని వస్తే, కాఫీ ఇప్పించి, ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

అలా వచ్చిన వాళ్ళలో భార్గవి ఒకతె. ఢిల్లీలో వాణిజ్య శాఖలో అధికారిణి. ఒక విదేశంతో జరగబోయే ఒప్పందం చర్చలకు వెళుతూ, వెళ్ళే ముందు గురువుగారిని చూడడానికి వచ్చింది. అవతలి దేశం వాళ్ళు మన బట్టల మీద సుంకం తగ్గిస్తామంటున్నారట. అందుకు బదులుగా వాళ్ళ మందుల పేటెంట్లకు మన చట్టంలో ఇంకా గట్టి రక్షణ కావాలంటున్నారట.

"ఒకరి తెలివి చుట్టూ కంచె కట్టడం న్యాయమా, కట్టకపోవడం న్యాయమా మాస్టారూ? నాకు రెండూ న్యాయంగానే కనిపిస్తున్నాయి. నిద్ర పట్టకుండా ఉన్నది అందుకే" అంది.

కేశవభట్టు గారు ఇద్దరికీ కాఫీ తెప్పించి, ఈ సంగతి చెప్పారు.

పూర్వం వేలాపురం అనే రేవు పట్నంలో కోటిలింగం అని ఒక అద్దకపు పనివాడు ఉండేవాడు. చిరివేరుతో బట్టకు ఎరుపు ఎక్కించడం అతని వృత్తి. ఉప్పునీళ్ళలో నానినా వెలిసిపోని ఎరుపు కోసం యౌవనమంతా ధారపోసి, చివరకు సాధించాడు. ఆ బట్ట సముద్రం అవతల శంఖద్వీపంలో విరివిగా అమ్ముడుపోయింది. కొంతకాలానికి ఆ ద్వీపం వాళ్ళే నాసిరకం రంగు అద్ది, వేలాపురం బట్ట అని చెప్పి అమ్మడం మొదలుపెట్టారు. రెండు ఉతుకులకే రంగు పోయేది, చెడ్డపేరు కోటిలింగానికి వచ్చేది. అద్దకపు వాడలో పొయ్యిలు ఆరిపోయాయి. కోటిలింగం రాజుగారి కాళ్ళ మీద పడ్డాడు. రాజు ద్వీపంతో ఒడంబడిక చేసుకున్నాడు. వాళ్ళు మన ఎరుపును అనుకరించరు. వాళ్ళ దేశంలో ఒకాయన కనిపెట్టిన చలిజ్వరం మందును మనం కాచుకోం, వాళ్ళ దగ్గరే కొంటాం. అప్పటినుంచి వాడ మళ్ళీ కళకళలాడింది.

ఒక వానాకాలం వేలాపురంలో చలిజ్వరం పాకింది. ఆ కాలంలో ద్వీపం నుంచి ఓడలు రావు. ఉన్న మందు పెద్ద ఇళ్ళవాళ్ళకే చాలలేదు. సర్వేశం అనే వైద్యుడు మాత్రం, ఆ మందు ఏ చెట్టు బెరడుతో కాస్తారో తనకు తెలుసుననీ, ఆ చెట్టు మన కొండల్లోనూ ఉందనీ, సెలవిస్తే కాచి ఇస్తాననీ అన్నాడు. ఉప్పుమడుల్లో పనిచేసే పోలమ్మ, జ్వరంతో పడివున్న కొడుకును ఇంట్లో వదిలి, తడిసిన చీరతోనే సభకు వచ్చి ఆ సెలవు అడిగింది.

అప్పుడు లేచి అడ్డు చెప్పినవాడు కోటిలింగమే. అతను కఠినుడు కాడు.

"నా ఎరుపును వాళ్ళు దొంగిలించినప్పుడు మా వాడలో పిల్లలు పస్తులు పడుకున్నారు మహారాజా. ఇవాళ మనమే మాట తప్పితే, రేపు వాళ్ళను నిలదీసే నోరు మనకు ఉండదు. ఓడ వచ్చేదాకా ఓపిక పడదాం."

అందులో అబద్ధం లేదు. రాజు కూడా కాదనలేక ఓడ కోసం చూద్దామన్నాడు. పోలమ్మ వెళ్ళిపోయింది. ఓడ రాలేదు. ఆమె కొడుకు దక్కలేదు.

తర్వాత జ్వరం అద్దకపు వాడలోకి వచ్చింది. కోటిలింగం కూతురు చెంగల్వ మంచం పట్టింది. అతను తలకు గుడ్డ చుట్టుకుని పెరటిదారిన సర్వేశం ఇంటికి వెళ్ళాడు. వైద్యుడు అతన్ని దెప్పలేదు.

"కాచి ఇస్తాను. మూడో కంటికి తెలియదు. కానీ మీ వెనకాల ఇంకొకరు వచ్చి తలుపు కొడితే ఏం చెప్పమంటారో, అది కూడా మీరే చెప్పండి" అన్నాడు.

కోటిలింగం మందు తీసుకోకుండానే, రేవులో కాపురముంటున్న ద్వీపం ప్రతినిధి సెలాన్ ఇంటికి నడిచాడు. ఆ మందు కనిపెట్టింది సెలాన్ తండ్రే.

"కాచుకోవడానికి అనుమతి ఇప్పించండి. కావాలంటే నా ఎరుపు గుట్టంతా మీకు నేర్పుతాను" అన్నాడు.

"ఆ బెరడును మా నాన్న తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. మోతాదు కుదిరేలోపల చూపు పోయింది. ఎవరుబడితే వాళ్ళు కాచుకోవచ్చంటే, రేపు ఇంకొకడు అంత కష్టానికి ఎందుకు పూనుకుంటాడు?" అన్నాడు సెలాన్.

సభలో కోటిలింగం చెప్పింది కూడా ఇంచుమించు అదే. "నిజమేనయ్యా" అని మాత్రం అని, కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. అతను వీధిలోకి దిగాక సెలాన్ వెనక నుంచి పిలిచాడు.

"ఎవరికోసం అడుగుతున్నారు?"

"మా అమ్మాయికి జ్వరం. కానీ ఊరి కోసం అడుగుతున్నాను. దానికొక్కదానికే అయితే నాకు ఇప్పుడే దొరికేది."

సెలాన్ గడప దిగి వచ్చాడు. "అనుమతి ఇచ్చే అధికారం నాకు లేదు. కానీ మా నాన్న చూపు పోగొట్టుకున్నది జ్వరం తగ్గించడానికే. మావాళ్ళకు నేను సమాధానం చెప్పుకుంటాను, పదండి" అన్నాడు.

ఇద్దరూ కలిసి రాజు దగ్గరికి వెళ్ళి, మందు కాయడానికి ఒప్పించారు. ఊరందరికీ సరిపడా కాచేంత పెద్ద కాగులు అద్దకపు వాడలోనే ఉన్నాయి. ఎరుపు కాచే కాగుల్ని తోమి బెరడు కాచారు. మోతాదు సెలాన్ దగ్గరుండి చూశాడు. చెంగల్వ బతికింది. ఊళ్ళో చాలామంది బతికారు.

వానలు వెనకబట్టాక ఓడలు వచ్చాయి. ద్వీపం వర్తకులు సెలాన్‌ను కొలువులోంచి తీసేశారు. వేలాపురం ఎరుపు కొనడం మానేశారు. కోటిలింగం భయపడ్డదంతా జరిగింది. వాడలో కొందరు కాగులు అమ్ముకుని వలసపోయారు. వాళ్ళలో అతని సొంత తమ్ముడూ ఉన్నాడు, పోతూ అన్నతో మాట్లాడలేదు. ఏడాది గడిచాక, నష్టం తమకూ తెలిసివచ్చి, ద్వీపం వాళ్ళు కొత్త ఒడంబడికకు కూర్చుందామన్నారు. అద్దకపు వాడ తరఫున కోటిలింగాన్ని రమ్మన్నారు. అతను పోలమ్మ కూడా వస్తేనే వస్తానన్నాడు. తానే ఉప్పుమడుల దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"ఆ రోజు నీకు అడ్డుపడిన నోటితోనే అడుగుతున్నాను తల్లీ, రా" అన్నాడు.

పోలమ్మ అతని వైపు చూడకుండా పార కడుక్కుని, "ఇప్పుడొచ్చి నేనేం చేయాల?" అంది. అయినా వచ్చింది.

సభలో ఇరుపక్షాల వాళ్ళూ త్వరగానే ఒక మాట మీదకు వచ్చారు. మామూలు రోజుల్లో ఎవరి విద్య వారిది. జబ్బు పాకినప్పుడు మాత్రం మందు ఎక్కడివాళ్ళు అక్కడ కాచుకోవచ్చు, కనిపెట్టినవాడికి భాగం పంపాలి. అందరికీ నచ్చింది. ముద్ర వేయబోతుంటే పోలమ్మ నోరు విప్పింది.

"జబ్బు పాకిందని ఎవరు చెప్పాల? ఎందరు పోయాక చెప్పాల?"

ముద్ర పట్టుకున్న మంత్రి చేయి అక్కడే ఆగిపోయింది. ద్వీపం వాళ్ళు మన వాళ్ళ మొహాలు చూశారు, మన వాళ్ళు ద్వీపం వాళ్ళ మొహాలు చూశారు.

కేశవభట్టు గారు చెప్పడం ఆపి, చల్లారిపోయిన కాఫీ గ్లాసు అందుకున్నారు. భార్గవి ఉండబట్టలేక అడిగింది.

"చివరికి ఏం రాశారు మాస్టారూ?"

"ఏదో రాశారులే అమ్మా. మీ చర్చల్లో పోలమ్మ ప్రశ్న ఎవరు అడుగుతారు?" అన్నారాయన.