అరుగు మీద కునుకు

యజ్ఞేశ్వర ఘనపాఠి గారికి ఒక అలవాటు. శిష్యులు లోపల వేదం వల్లిస్తుంటే ఆయన అరుగు మీద పడుకుని కళ్ళు మూసుకుంటారు. ముసలాయన కునుకు తీస్తున్నాడని దారినపోయేవాళ్ళు నవ్వుకుంటారు. ఆ కళ్ళు ఎంత ఠక్కున తెరుచుకుంటాయో స్వరం తప్పిన శిష్యుడికే తెలుసు.

ఒక ఉదయం ఆయన పాత శిష్యుడు విశ్వపతి వచ్చి అరుగు చివర కూలబడ్డాడు. కిందటేడు పక్షవాతం వచ్చి అతని మాట పడిపోయింది. మాట కొంత తిరిగొచ్చింది గానీ, పిల్లల చేత వల్లె వేయిస్తూ సంత చెప్పే వేదంలో సగం తిరిగి రాలేదు. కారణం ఏ పరీక్షకూ దొరకలేదు. గుండె ఎప్పుడో ఒకసారి లయ తప్పుతోందేమో, అప్పుడు గడ్డకట్టిన నెత్తురు మెదడుకు చేరిందేమో అని డాక్టర్ల అనుమానం. అది రుజువైతే రక్తం పలచబడే మందు ఇస్తారట. అందుకని ఛాతీ మీద చర్మం కింద చిన్న యంత్రం అమర్చి, రేయింబవళ్ళు గుండెను కనిపెడుతున్నారు. ఇంతవరకూ అది ఒక్క తప్పూ పట్టలేదు. పక్షవాతం ఇంకోసారి వస్తే ఆ మిగిలిన సగమూ పోతుంది. విశ్వపతికి బతుకు మీద ఆశ చచ్చిపోయింది.

"ఈ యంత్రం తీయించేస్తాను, గురువుగారూ," మాటలు కూడదీసుకుంటూ అన్నాడు. "రానిదాని కోసం ఎన్నాళ్ళండీ ఈ కాపలా?"

ఘనపాఠి గారు అతని వైపు తిరిగారు.

"మీరంతా ఇక్కడ చదివే రోజుల్లో, ఒకనాడు గుంపులో స్వరం తప్పిందిరా. ఎవరిదో తెలీలేదు. ఒక్కొక్కణ్ణీ పిలిచి చెప్పించాను. ఒక్కడూ తప్పలేదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎవడు తప్పుతాడు? మళ్ళీ రాకపోతుందా అని రోజూ ఈ అరుగు మీదే చెవొగ్గి పడుకున్నాను. ఎండలు పోయాయి, వానలు పోయాయి. రాలేదు. నాకే అలా వినిపించిందేమోలే అనుకుని, ఒక మధ్యాహ్నం నిజంగానే నిద్రపోయాను."

"తర్వాత?"

"వీధిన పోతున్న పండితుడొకాయన తట్టి లేపాడు. 'మీవాళ్ళు అంత తప్పు చదువుతుంటే నిద్రెలా పట్టిందయ్యా?' అన్నాడు. ఎవడు చదివాడో ఆయనకేం తెలుసు, గోడవతలి నుంచి విన్నాడాయె! ఆ వెంటనే మీ చదువులు పూర్తయ్యాయి. తలో ఊరు వెళ్ళారు, తలా పదిమందికి సంత చెప్పారు."

విశ్వపతి చెయ్యి ఉత్తరీయం కింద యంత్రాన్ని తడుముకుంది. తాను నేర్పిన పిల్లల మొహాలు కళ్ళ ముందు తిరిగాయి. ఆ తప్పు నాదేనా అని అడగబోయాడు. చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

లోపల పాఠం మొదలైంది. ఘనపాఠి గారు వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

"అది రాక మానలేదురా," అన్నారు. "వినడానికి నేను లేను."