ముల్లంత బెజ్జం

అడవి కొసన ఎర్రరాళ్ళ గుట్ట కింద ఒక ఏదుపంది ఉండేది. దానికి ఇరుగూ లేదు, పొరుగూ లేదు. ముళ్ళు గుచ్చుకుంటాయని కుందేలు చుట్టూ తిరిగి వెళ్ళేది. ఎలుగుబంటి పలకరించినా దూరం నుంచే. పాపం, రోజంతా దానికి మాట్లాడే దిక్కుండేది కాదు.

ఒకరోజు నక్క పనసకాయను దొర్లించుకుంటూ వచ్చింది.

"అక్కా, ఇది పండేదాకా నీ పక్కనున్న రాతిగూట్లో దాస్తాను. నీ దగ్గరికి ఎవరూ రారుగా! ఇంతకన్నా భద్రమైన చోటేది?"

ఆ మాటకు ఏదుపంది మనసు చివుక్కుమంది. అయినా అడిగింది. "కాపలా ఉంటాను గానీ, రోజూ వచ్చి కాసేపు కూర్చుంటావా తమ్ముడూ?"

"అంతకన్నానా అక్కా!" అంటూ నక్క గూటికి బండ అడ్డం పెట్టి, సందులన్నీ మట్టితో మెత్తి వెళ్ళిపోయింది.

మళ్ళీ వస్తే ఒట్టు.

ఒంటరివాళ్ళకు చూడటమే పని. బండ పెట్టిన చోటే ఉంది. దాని రేణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, ఉన్నచోటే వణుకుతూ ఉంటాయి మరి. వాన నీళ్ళు బండ మీదుగా జారిపోయాయి. వాటి రేణువులు ఆనుకునే ఉంటాయి గానీ కుదురుగా ఉండవు, పక్కకు జరిగి పల్లం చూసుకుంటాయి. ఎనిమిదో రోజు మట్టి నెర్రెలోంచి పనస వాసన సన్నగా తగిలింది.

'ఈ వాసన రేణువులు ఎవరి చెయ్యీ పట్టుకోవు, నాలాగే ఒంటరివి. కానీ నాలా కూర్చుని ఏడవవు. దారి దొరికితే అడవంతా తిరుగుతాయి' అనుకుంది ఏదుపంది.

రాలిన ముల్లొకటి తీసి ఎండిన మట్టిలో గుచ్చి గుచ్చి బెజ్జం చేసింది.

మధ్యాహ్నానికల్లా కుందేలు ముక్కు ఎగబీలుస్తూ వచ్చింది. వెనకే ఎలుగుబంటి.

"ఎక్కడిదక్కా ఈ ఘుమఘుమ?"

"ఆ బండ వెనక. జరుపు."

ఎలుగు బండ జరిపింది. కాస్త ఎడంగానే కూర్చున్నా, పొద్దు వాలేదాకా తింటూ కబుర్లాడారు. అప్పుడు వచ్చింది నక్క.

"బండ పెట్టాను, మట్టి మెత్తాను! ఎవరితో చెప్పావు?"

"నేనెవరినీ పిలవలేదు తమ్ముడూ. వాసనే వెళ్ళి పిలుచుకొచ్చింది. రోజూ వచ్చి కూర్చునుంటే నాకు మట్టిలో బెజ్జం పొడిచే అవసరమే ఉండేది కాదు."

నక్కకు తొక్క మిగిలింది. పండు అయిపోయింది గనక రేపెవరైనా వస్తారో రారో ఏదుపందికి తెలియదు. ఆ పూటకు మాత్రం తన గొంతు ఎండిపోయేదాకా మాట్లాడింది.

నీతి: ఒంటరివాళ్ళను కాపలా పెట్టుకుంటే చాలదు, పలకరించాలి కూడా.