నీడ ముందా, బొమ్మ ముందా

విజయనగరంలో మాకు కోడ్ రాసి వెబ్ పేజీల బొమ్మలు గీయడం నేర్పిన వరాహమూర్తి మాస్టారు, ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. "ఏం చేస్తున్నావో చూడనీ" అంటూ కుర్చీ పక్కకు లాక్కునేవారు. కొత్తవాళ్ళకు ఒళ్ళు మండేది. నాకూ మండేది.

ఒకరోజు నా పక్కన కూర్చునే హైమ అడిగింది. ఆమె భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదు.

"మాస్టారూ, నాన్న ఎలా ఉండేవాడో చెప్పమని మా పాప అడిగేది. నోరు తెరిస్తే ఏడుపొచ్చి, లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడది అడగడమే మానేసింది. నా ఏడుపు తగ్గేదాకా ఆయన మాట ఎత్తకుండా ఉండనా?"

మాస్టారు ఆమె కంప్యూటర్ తెర వైపు చూశారు. పాప పుట్టినరోజుకని హైమ ఒక పేజీ తయారుచేస్తోంది. అందులో నవ్వుతున్న భర్త బొమ్మ. దానికి నీడ వేద్దామని, అదే ఆకారాన్ని నల్లగా చేసి, మసకబరిచి, కాస్త పక్కకు జరిపి, రెంటినీ ఫిల్టర్ అనే కోడ్‌లో ఒకదాని తర్వాత ఒకటి రాసి కలిపింది. తీరా చూస్తే మొహం లేదు, నల్లటి మరక తప్ప.

"ఈ నీడే పాడుచేస్తోందండీ" అని హైమ దాన్ని తీసేసింది. మొహం తేటపడింది గాని, గోడకు అంటించిన కాగితంలా చప్పగా ఉంది.

"కలిపేటప్పుడు ఏది ముందు రాశావు?"

"ఆయన్నేనండీ. ఆయన తర్వాతే కదా ఏదైనా."

మాస్టారు నవ్వబోయి ఊరుకున్నారు. పెద్దలకు ముందు వడ్డించే ఇంట్లో పెరిగిన పిల్ల, ఇంకెలా రాస్తుంది? కంప్యూటర్‌కు ఆ మర్యాదలు తెలియవు. ముందు రాసినదాన్ని అడుగున పరిచి, తర్వాత రాసినదాన్ని దాని మీద వేస్తుంది.

"నీడను మళ్ళీ పెట్టమ్మా. దాన్ని ముందు రాసి, అతన్ని చివర రాయి."

హైమ వరస మార్చింది. నీడ పిసరంత కూడా తగ్గలేదు. నలుపు అంతే, మసక అంతే. కానీ ఆ మనిషి దాని మీంచి లేచి మా ఎదుటికి వచ్చినట్టున్నాడు. హైమ కళ్ళు తుడుచుకోకుండా అలాగే చూస్తూ కూర్చుంది.

ఆమే మళ్ళీ అడిగింది. "మరి పాపతో ఏం చెప్పమంటారు?"

మాస్టారు కుర్చీలోంచి లేస్తూ, "ఏడుపు ముందొస్తే రానీ తల్లీ. లోపలికి వెళ్ళిపోకు. వెనకే అతనొస్తాడు" అన్నారు.