కనకలత చేతులు

ప్రశ్న అడిగితే భానుమూర్తి గారు జవాబు చెప్పరు. తాను చేసిన తప్పొకటి చెబుతారు. ఆయన దగ్గర చెవి వైద్యం నేర్చుకుంటున్న మృదులకు ఈ సంగతి తెలుసు. తెలిసే అడిగింది.

"రేపు జన్యుచికిత్స చేయబోయే బాబుకి అమ్మా నాన్నా ఇద్దరూ వినపడనివాళ్లే సార్. ఇంట్లో అంతా సైగలే. చికిత్సయ్యాక అవి మానెయ్యమని రాయనా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

కనకలత అని, బట్టలు కుట్టుకు బతికే మనిషి. పుట్టు చెవుడు. అదే కూతురికీ వచ్చింది. పాపకు రెండేళ్లప్పుడు, లోపమున్న జన్యువుకు బదులుగా పనిచేసే జన్యువును ఆయనే లోపలి చెవిలోకి ఎక్కించారు. మూడో నెలలో ఆ పిల్ల గిలక చప్పుడుకి తల తిప్పింది. ఆయన కాలు నేల మీద నిలవలేదట. ఆ ఊపులోనే పాప అమ్మమ్మను పిలిచి, "చేతులు మాట్లాడుతుంటే చెవి బద్ధకిస్తుందమ్మా. సైగలు మానెయ్యమని మీ అమ్మాయికి చెప్పు" అన్నారు. పాపం, ఆ ముసలమ్మ ఆ మాటని చేతులతోనే కూతురికి చెప్పింది.

అప్పట్నుంచీ పాప తనవైపు చూసినప్పుడల్లా కనకలత పమిట చెంగు రెండు పిడికిళ్లలో బిగించి కూర్చునేదట. పిల్ల అమ్మమ్మ దగ్గర మాటలు నేర్చి వసపిట్టయింది.

అయిదో ఏట పరీక్షకు తీసుకొచ్చారు. వెనకనుంచి గుసగుసగా ఏం చెప్పినా పాప తిరిగి చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంతోషం పట్టలేక కనకలత చెంగు వదిలేసి, కూతురి ముందు మోకరిల్లి, గబగబా చేతులతో ఏదో చెప్పింది.

పాప ఆ చేతులకేసి కాసేపు చూసింది. తర్వాత అటు తిరిగి అడిగింది: "అమ్మమ్మా, అమ్మ ఏమంటోంది?"

కనకలతకు ఆ ప్రశ్న వినపడలేదు. కూతురి మొహం మాత్రం కనపడింది. చేతులు మళ్లీ చెంగులోకి వెళ్లిపోయాయి.

మృదుల రాయబోతున్న కాగితం పక్కన పెట్టింది. "మిగతా తల్లులు కూడా అలాగే మానేశారా సార్?" అంది.

"లేదమ్మా," అన్నారు భానుమూర్తి గారు. "ఇన్నేళ్ల వైద్యంలో నా సలహాని అక్షరం పొల్లుపోకుండా పాటించింది ఆ తల్లి ఒక్కతే."