తుమ్మన్న వెతికిపెట్టిన బంతి

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, రెండు కొండల నడుమ, ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. పచ్చగా, మెత్తగా, చూడ్డానికి అమాయకంగా ఉండేది గానీ మహా గడుసుది. కొట్టిన బంతుల్లో కొన్నిటిని చెరువు మింగేది, కొన్నిటిని తుప్పలు దాచేసేవి.

ఆ తుప్పల్లో తుమ్మన్న అనే నక్క ఉండేది. తప్పిపోయిన బంతుల్ని నోట కరుచుకొచ్చి ఆటగాళ్ల ముందు పెట్టేది. వాళ్లు మురిసిపోయి ఓ మాంసం ముక్క పడేసేవారు. ఇంత నిజాయితీ గల నక్క ఎక్కడా లేదనేవారు. తుమ్మన్నకి మాంసం కన్నా ఆ మాటే ఎక్కువ రుచించేది.

ఎండాకాలం వచ్చింది. తుప్పలు ఎండిపోయి, ఎవరి బంతి వాళ్లకే కనబడసాగింది. మొదటి రోజు తుమ్మన్నని ఎవరూ పిలవలేదు. రెండో రోజు దానివైపు చూడనైనా లేదు. తను ఉత్త నక్కనైపోయానని దానికి దిగులేసింది.

మూడో రోజు శరభయ్య అనే ముసలాయన కొట్టిన బంతి దిబ్బ దాటి, జెండా పాతిన గుంటలోకి దొర్లి పడింది. దిబ్బ అడ్డం కాబట్టి ఆయనకి కనబడలేదు. అవతలున్న తుమ్మన్నకి కనబడింది. ఆయన ఎంత వెతికితే తనకంత పేరనుకుంది. చప్పున బంతి తీసి తుప్పలో దాచింది. ఆయన వెతికి వెతికి అలిసిపోయాక తెచ్చి పాదాల దగ్గర పెట్టింది.

శరభయ్య దాని తల నిమిరాడు. ఆ పూట రెండు ముక్కలు దొరికాయి.

చెరువు గట్టు మీది కొంగ ఇదంతా చూసింది. "తమ్ముడూ, ఒక్క దెబ్బకి బంతి గుంటలో పడాలని ఆయన ముప్పై ఏళ్లుగా కొడుతున్నాడు. ఇవాళ పడింది. నువ్వు తీసేశావు" అంది.

తుమ్మన్న మాంసం అక్కడే వదిలేసింది. శరభయ్య పక్కనున్న బంతిని కరుచుకుని పరుగెత్తింది. గుంటలో వేస్తుండగా ఆటగాళ్లు చూశారు.

"అయితే ఇన్నాళ్లూ బంతులు దాచింది ఇదేనన్నమాట" అన్నాడొకడు.

అందరూ కర్రలెత్తి తరిమారు. తుమ్మన్న జరిగింది చెప్పబోయింది. వాళ్లకది ఊళలాగే వినబడింది.

శరభయ్య గుంటలోంచి బంతి తీసి, దాని ఎంగిలి తుడిచాడు.

"నక్క వేసిన బంతి లెక్కకు రాదు. రేపు మళ్లీ కొట్టి చూస్తా" అన్నాడు.

నీతి: మెప్పు కోసం ఒకరికి కష్టం తెచ్చిపెట్టి సాయం చేస్తే, తర్వాత చేసే మంచిని కూడా ఎవరూ నమ్మరు.