అమ్మవారి ముందు మిగిలిన తుపాకులు

రాళ్ళదుర్గమని ఒకప్పుడొక రాజ్యం ఉండేది. దాన్ని ఓబళ నాయకుడు ఏలేవాడు, ఓబళ నాయకుణ్ణి అనుమానం ఏలేది.

వంటవాడు నవ్వితే పాలలో ఏం కలిపాడోనని అనుమానం. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదోనని అనుమానం. ఒకనాడు అంతఃపురంలో తెర కదిలిందని, దంతపు పిడి ఉన్న తన తుపాకి తీసి పేల్చేశాడు. తెర వెనక శత్రువు లేడు. రాణి తిమ్మాంబ వీణ ఉంది, అది రెండు ముక్కలైంది. తెర గాలికి కదిలిందని అందరికీ తెలుసు, ఆ మాట అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఆ మర్నాడే రాజు ఒక శాసనం చేశాడు. ప్రమాదకరమైన మనిషి చేతిలో తుపాకి ఉండరాదు. మాట మంచిదే, నేనూ కాదనను. కానీ ఎవరు ప్రమాదకరమో తేల్చే పని సేనలకు పెద్ద అయిన దళవాయి బసవప్పకు అప్పజెప్పాడు. బసవప్ప ముఖాలు చూసి తేల్చేవాడు. కళ్ళు ఎర్రగా ఉంటే ప్రమాదం. మాట తక్కువైతే ప్రమాదం. తనకు దండం పెట్టడం మరిచిపోతే మరీ ప్రమాదం.

ఈ లెక్కన అడవంచున జొన్న చేలకు కాపలా కాసే మద్దిలేటి తుపాకి పోయింది. అడవిపందులకు పండగైంది. చేలు సగం నేలమట్టమయ్యాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఆ ఊళ్ళో ఈ ఏడు జొన్నరొట్టె ఉండదు.

మద్దిలేటి సభకు వచ్చి మొరపెట్టుకున్నాడు. "సామీ, నా కండ్లు ఎర్రగుండేది కోపానికి కాదు. రేత్రంతా మంచె మింద మేలుకుంటా గదా!"

"చూశారా ప్రభూ, రాత్రిళ్ళు నిద్రపోడట," అన్నాడు బసవప్ప.

రాజు కనుబొమలు పైకి లేచాయి. అప్పుడు ఆస్థానంలోని చెన్నుభట్టు లేచాడు. మాటల చమత్కారానికే జీతం తీసుకునే మనిషి ఆయన.

"ప్రభూ, ముఖం చూస్తే మనిషి తెలియడు. ఆ మనిషి పక్కన బతికేవాళ్ళని అడిగితే తెలుస్తుంది."

"అడిగితే నిజం చెబుతారా?" రాజు వెటకారంగా నవ్వాడు. "మేము ఎవరి మాటా నమ్మము, నీ మాటతో సహా. ఎవరి నోటా ఏమీ చెప్పించకుండా, ప్రమాదకరమైనవాడెవడో మా కంటికి చూపించు. చూపించలేకపోతే మూటాముల్లే సర్దుకుని మా పొలిమేర దాటు."

"చిత్తం. ఆయుధపూజ దాకా గడువిప్పించండి," అన్నాడు చెన్నుభట్టు.

ఆయుధపూజ నాడు రాజ్యంలోని తుపాకులన్నీ కోటలో అమ్మవారి ముందుకు చేరాయి. లాక్కున్నవి కూడా తెప్పించారు. బొట్లు పెట్టారు, బంతిపూలు చుట్టారు. హారతి అయ్యాక చెన్నుభట్టు ప్రకటించాడు.

"ఈ ఏడు ఎవరి తుపాకి వారు ముట్టుకోరాదు. ఇంట్లోవారో ఇరుగుపొరుగువారో తమంతట తాము తీసి చేతికిస్తేనే పుచ్చుకోవాలి. ఇది ప్రభువులకూ వర్తిస్తుంది."

"మా తుపాకికి తోపులాట జరుగుతుందేమో, కాస్త చూసుకో," అన్నాడు రాజు మీసం సవరించుకుంటూ.

ముందుగా మద్దిలేటి పక్క చేను లింగమ్మ వచ్చింది. గట్టు తగాదాతో అతనితో రోజూ జుట్లు పట్టుకునే మనిషి. తుపాకి తీసుకెళ్ళి విసురుగా అతని ఒళ్ళో పెట్టింది. "నీకూ నాకూ మాటల్లేవు. కానీ ఇది నీకాడుంటేనే నాకు కునుకు పడ్తాది," అనేసి గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

ఒక్కొక్కటే తుపాకులు వెళ్ళిపోయాయి. తల్లులు తీశారు, తమ్ముళ్ళు తీశారు. బసవప్ప తుపాకి దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. ఆయన ఇంటి నౌకర్లు అమ్మవారి అలంకారాన్ని ఎంతో భక్తిగా చూస్తూ నిలబడ్డారు.

చివరికి ఆయన భార్య వీరమాంబ వచ్చింది. కుడిచేతికి పసుపు గుడ్డ కట్టి ఉంది. ఏమైందని అడిగితే జారిపడ్డానంటుంది, ఎప్పుడూ అదే మాట. తుపాకి ముందు నిలబడింది. అమ్మవారికి దండం పెట్టుకుంది. వట్టి చేతులతో వెనక్కి తిరిగింది.

"ఏందే, కండ్లు కనపడవా? తీసుకొని రా!" బసవప్ప పిడికిలి బిగించి ఆమె మీదికి దూకాడు. భటులు అడ్డం పడకపోతే ఆ దెబ్బ ఆమె ముఖాన పడేదే.

రాజు వీరమాంబ వైపు తిరిగాడు. ఆ చేతి కట్టును చూశాడు, బిగిసిన పిడికిలిని చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది. రాజ్యమంతటినీ అనుమానించిన మనిషి, పక్కనే కూర్చున్నవాణ్ణి ఒక్కనాడూ అనుమానించలేదు!

"ఆ తుపాకి ఆయుధశాలలో పెట్టండి. ఈయన దళవాయిగిరీ దాంతోపాటే పెట్టండి. వీరమాంబకు రాణివాసంలో చోటు చూపించండి," అన్నాడు.

చెన్నుభట్టు గెలిచాడు. కానీ కదలడేం? చేతులు కట్టుకుని అమ్మవారి వైపే చూస్తున్నాడు. రాజూ అటు చూశాడు.

దంతపు పిడి తుపాకి ఒక్కటే మిగిలి ఉంది.

సభ మొత్తానికి ఉన్నట్టుండి నేల మీద ఏవో ముఖ్యమైన వస్తువులు కనిపించాయి, అందరూ తలలు దించుకున్నారు. అప్పుడు తిమ్మాంబ రాణి లేచి వచ్చి తుపాకి చేతిలోకి తీసుకుంది. రాజు ఊపిరి పీల్చుకుని చెయ్యి చాపాడు. ఆమె ఆయనను దాటుకుని అంతఃపురం వైపు నడిచింది.

"దేవీ, అటెక్కడికి?"

"నా గదికి. తెర కదిలితే ముందు గాలేమో అనుకోవడం తమకు అలవాటైన రోజున అడగండి, ఇస్తాను. అంతవరకూ ఇది నా దగ్గరుంటుంది."

రాజు ముఖం ఎర్రబడింది. ఇంతలో ఆయనకు ఆ వీణ గుర్తొచ్చిందో ఏమో, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇకమీదట శాసనం ఇదే! ఏటా ఇలాగే జరగాలి. చెన్నుభట్టూ, ఇదిగో నీ బహుమానం," అని వెండి తాపడం చేసిన చిన్న తుపాకి ఒకటి తెప్పించాడు.

చెన్నుభట్టు చెయ్యి చాపలేదు. "ప్రభూ, దాన్ని ముందు మా ఆవిడ చేతికి ఇప్పించండి. ఆవిడ ఇస్తే పుచ్చుకుంటాను."

"ఇస్తుందంటావా?"

చెన్నుభట్టు బుర్ర గోక్కున్నాడు. "అనుమానమే, ప్రభూ."